పెద్దమ్మమ్మ గుడ్డ కేసు

సంచీలోకి ముందు లావు పుస్తకం వెళ్ళింది, దాని మీద రెండు చొక్కాలు, వాటి మధ్య సబ్బుపెట్టె, తువ్వాలు, పళ్ళ బ్రష్షు వెళ్ళాయి, మనవరాలు స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్న చప్పుడు వినపడగానే లావు పుస్తకం కాస్తా బయటికి వచ్చేసింది. అమ్మమ్మ దాన్ని తన చేతిసంచీలోకి జార్చి, ఖాళీ అయిన చోట, అట్టడుగున, మడత పెట్టిన నీలం కోటును పరిచి, పైన చొక్కాలు ఎప్పట్లాగే సర్ది, ఏమీ ఎరగనట్టు జిప్పు లాగింది. జిప్పు సగంలో పట్టేసింది. దొంగతనానికి బయల్దేరినప్పుడే దగ్గు వస్తుందంటారు కదా. కుట్టు డబ్బాలోంచి కొవ్వొత్తి ముక్క తీసి జిప్పు పళ్ళ మీద రుద్ది మళ్ళీ లాగితే వెన్నలా జారింది, జన్మంతా జిప్పులు కుట్టిన చెయ్యి ఈ మాత్రం చెయ్యలేకపోతే ఎలా అనుకుంది, వెంటనే బయల్దేరే వేళ అంత గర్వం పనికిరాదులే అని లెంపలేసుకున్నంత పని చేసింది. బయల్దేరే వేళ ఆవిడకి అన్నీ పనికిరానివే. తుమ్మితే పనికిరాదు, తుమ్మబోయి ఆపుకున్నా పనికిరాదు. సంచీ పూర్తిగా మూసేస్తే అసలే పనికిరాదు, బొటనవేలు పట్టేంత సందు వదలాలి, లేకపోతే తీసుకెళ్ళినవాళ్ళకి ఇంటి గాలి తగలదు, తగలకపోతే గుర్తు రాదు. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు, ఆవిడ సొంత శాస్త్రం. ఆ సందులోంచి ప్రతిసారీ సబ్బుపెట్టె జారి బస్సులో ఎవరి కాళ్ళ కిందకో పోతుందని మనవరాలు మొత్తుకుంటుంది, పోతే పోనీ, సబ్బు పోయినా పిల్ల వస్తోంది కదా.

బస్సుకి ఇంకా గంట ఉంది. రేపు పొద్దున పరీక్ష. డిగ్రీ అంతటికీ మిగిలిన ఒకే ఒక్క పరీక్ష, ట్రస్టుల చట్టం, పోయినసారి తప్పినది, ఈసారి కూడా తప్పితే ఇక రాయనివ్వరట, ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరేనట. మనవరాలి తల్లి ఆ మాట తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, తర్వాత తుడుచుకుని, తెల్లవారకముందే రొట్టెల దుకాణంలో పనికి పోయింది. అమ్మమ్మకి ఆ బెంగ ఉంది, లేకపోలేదు, కాని దాని పక్కనే ఇంకో బెంగ పీట వేసుకుని కూర్చుంది. కోటు చూశాక పిల్ల ఏమంటుందో. ఇది నాది కాదు, నీదీ కాదు, నేను వేసుకోను, అంటుందేమో. అనగలదు, చట్టం చదివిన పిల్ల. పరీక్ష హాలు చూస్తే మంచుగడ్డట, అద్దాల కిటికీలు మూతపడవట, పోయినసారి వేళ్ళు కొంకర్లు పోయి ఆఖరి జవాబు కోడి కెలికినట్టు రాసి వచ్చింది. కోటు వేసుకుంటే చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే పెన్ను కదులుతుంది. కాని వేసుకోవాలి కదా.

స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడుతో కలిసి పాఠం వినిపిస్తోంది. మూడూ ఖాయంగా తేలాలి, ఇచ్చినవారి ఉద్దేశం, ఇచ్చిన ఆస్తి, ఎవరి కోసమో ఆ లబ్ధిదారు. మూడింట్లో ఒక్కటి తేలకపోయినా ట్రస్టు నిలబడదు. ఈ మూడూ అమ్మమ్మకి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా వస్తాయి, మిగతావన్నీ కలగాపులగం. ఇల్లంతా అదే గోల మరి. స్నానాల గది పలకల మీద కాగితాలు అతికించింది, ఆవిరికి అవి అంచుల దగ్గర చుట్టుకుపోతే తల పక్కకి వంచి చదువుకుంటుంది. వంటింటి అలమర మీద ధర్మకర్త బాధ్యతలు. డబ్బాలో మిగిలిన ఆఖరి బిస్కెట్టు మీద కూడా విచారణ జరిగింది: తల్లి కోసం దాచమని అమ్మమ్మ చేతికి ఇస్తే అమ్మమ్మ ధర్మకర్త, తల్లి లబ్ధిదారు, మధ్యలో అమ్మమ్మ కొరికితే విశ్వాస భంగం. ధర్మకర్త అన్న మాట అమ్మమ్మకి భలే నచ్చింది, నలుగురిలో చెప్పుకోదగ్గ ఉద్యోగంలా ఉంది. కొరకలేదు కూడా, అంచు మాత్రం రుచి చూసింది, విరిగిన అంచు లెక్కలోకి రాదనుకుని. తర్వాత పిల్లి వంతు. పిల్లి కోసం ట్రస్టు పెట్టొచ్చట గాని అది కాస్త కుంటి ట్రస్టట, ఎందుకంటే ధర్మకర్త పాలు పొయ్యకపోతే పిల్లి కోర్టుకు వెళ్ళలేదు. మన పిల్లికి ఆ ఇబ్బంది లేదే వకీలూ, పాలు ఆలస్యమైతే వీధి వీధంతా కోర్టు చేస్తుంది, అని అమ్మమ్మ అంటే పిల్ల పుస్తకం మూసి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకే ఆవిడ రోజూ పాఠం వినేది. వకీలు అని మొదట వెక్కిరింతకి పిలిచింది, ఇప్పుడు అదే పేరై కూర్చుంది.

అమ్మమ్మ బడి గుమ్మం తొక్కలేదు. అక్షరాలు వచ్చింది కత్తెరతో. గౌను కుట్టాలంటే ముందు పాత వార్తాపత్రిక మీద గీసి, కాగితాన్ని కత్తిరించి, ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి గుడ్డను కత్తిరించాలి, చేతుల కాగితం, వీపు కాగితం, కాలరు కాగితం. అలా పరిచిన కాగితాల మీద పెద్ద అక్షరాలు పట్టుకుని, దుకాణాల పేరుపలకలతో పోల్చుకుని, ఇది 'క', ఇది 'స', అనుకుంటూ, పిల్లల తల్లులు కొలతలకి వచ్చినప్పుడు సిగ్గు విడిచి అడుగుతూ చదువు నేర్చుకుంది. అందుకని ఆవిడ మొదటి చదువంతా సగం సగం చదువు. ఓడ బయల్దేరిందని ఉంటుంది, చంక దగ్గర కత్తెర పడి ఉంటుంది, ఓడ చేరిందో లేదో తెలీదు. పెళ్ళికూతురు ముహూర్తం వేళకి కనపడలేదని ఉంటుంది, మెడ గుండ్రం కింద మిగతాది పోయి ఉంటుంది. ఎవరి సంగతీ ఆఖరికి తేలదు. పెద్దయ్యాక పుస్తకాలు అరువు తెచ్చుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివినప్పుడు, ఓహో, సంగతులకి చివర కూడా ఉంటుందన్నమాట, అని ఆశ్చర్యపోయింది. అప్పట్నుంచి ఏ పుస్తకమైనా ముందు ఆఖరి పేజీ చూసి, అందరూ ఇల్లు చేరారని తెలుసుకుని, అప్పుడు మొదలుపెడుతుంది. లావు పుస్తకానికీ అదే చేసింది. ఆఖరి పేజీలో ఎవరూ ఇల్లు చేరలేదు, అకారాదిగా పదాల పట్టిక ఉంది. ఇంతేనా అనుకుంది.

నీలం గుడ్డకి కూడా మొదలే తెలుసు. అమ్మమ్మ అక్క, పిల్లకి పెద్దమ్మమ్మ, కొనుక్కుంది దాన్ని, తన మొదటి జీతంతో, చిక్కటి ఉన్ని, చెంపకి ఆనించుకుంటే గీరుకుని తర్వాత వెచ్చబడేది. తనకే కోటు కుట్టించుకుందామని. ఈలోగా సముద్రం పక్క ఊళ్ళో నూలు మిల్లు వాళ్ళు పనికి రమ్మన్నారు, అక్కడ చలే ఉండదన్నారు. ఆ రోజు కూడా సంచీ సర్దింది ఈవిడే. సంచీ మూతికి తాడు బిగించి రెండు ముళ్ళు వేసింది, దారిలో ఊడకూడదని, గట్టిగా, సందు లేకుండా. అక్క గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ గుడ్డ చేతిలో పెట్టి, ఇది అక్కడ దండగ, నీ దగ్గరుంచు, మనవాళ్ళలో ఎవరైనా చలికి వణికితే కోటు కుట్టిపెట్టు, నీ కుట్టు కూడా చక్కబడుతుంది, అంది. ఆ వెక్కిరింత అవసరమా అప్పుడు, కాని అక్కలు అంతే, ఒక పొగడ్త పెడితే పక్కన ఒక చురక పెట్టందే తోచదు. వెళ్ళొస్తా అంది. వెళ్ళొస్తా అన్న మాటలో వెళ్ళడం ఉంది, రావడం ఉంది, ఆవిడ సగం నిలబెట్టుకుంది. రెండుసార్లు ఎవరో మనిషి ద్వారా కబురు వచ్చింది, బాగున్నానని, చలికాలం పోగానే వస్తానని. తర్వాత నాన్న వెళ్ళి చూస్తే మిల్లు తలుపుకి తాళం, చుట్టుపక్కల ఎవరికీ ఏమీ తెలీదు. చంక దగ్గర కత్తెర పడింది.

ఎన్ని చలికాలాలు పోయాయి. ప్రతి ఏడూ గుడ్డను ఎండలో పరిచి, దులిపి, కలరా ఉండలు మార్చి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. వణికినవాళ్ళు లేకపోలేదు. కూతురు చిన్నప్పుడు వణికింది, దానికి వేరే గుడ్డ తెచ్చి కుట్టింది. ఆయన ఆఖరి రోజుల్లో వణికాడు, ఆయనకి దుప్పటి మీద దుప్పటి కప్పింది. నీలం గుడ్డకి కత్తెర పెడితే అక్క దారిలోంచి వెనక్కి మళ్ళిపోతుందేమోనని, ఎక్కడో ఏ బస్సులోనో ఇటు వస్తున్న మనిషి, ఇంక నా అవసరం లేదన్నమాట అనుకుంటుందేమోనని. పిచ్చి అని తెలుసు. తెలిసినా పెట్టె మూసేది.

దాన్ని పరీక్ష దాకా లాక్కెళ్ళింది మనవరాలు. అసలు తప్పంతా ఇంట్లో వేసుకున్న ఉదాహరణలది. పుస్తకంలో కేసుల పేర్లు నోరు తిరగనివి, అందుకని రెండుపక్కలా ఇంట్లోవాళ్ళనే నిలబెట్టుకున్నారు, బిస్కెట్టు కేసు, పిల్లి పాల కేసు, అన్నిటికన్నా పెద్దది పెద్దమ్మమ్మ గుడ్డ కేసు. పోయినసారి హాల్లో చలికి బుర్ర గడ్డకట్టి, లబ్ధిదారులు ఎవరో ఖాయంగా తేలాలా అన్న ప్రశ్నకి అసలు కేసు పేరు ఎంత తన్నుకున్నా రాక, పేజీ నిండా పెద్దమ్మమ్మ గుడ్డ కేసు రాసి వచ్చింది. మనవాళ్ళు అంటే ఎవరెవరో పూర్తి జాబితా వెయ్యలేం కాబట్టి ట్రస్టు పడిపోయింది, పడిపోయింది కాబట్టి గుడ్డ తిరిగి ఇచ్చినావిడకే చెందుతుంది, అని తీర్పు కూడా చెప్పేసింది. పేపరు అడిగి తెప్పించుకుంటే మార్జిన్లో ఎర్ర సిరాతో, ఈ పెద్దమ్మమ్మ ఎవరు, ఏ కోర్టు, ఏ సంవత్సరం, అని ఉంది, కింద, జవాబు కూడా తప్పు, అని ఉంది. మనవరాలు తల బాదుకుంది, తల్లి నవ్వాలో ఏడవాలో తెలీక పిండి చేతుల్తోనే మొహం కప్పుకుంది. అమ్మమ్మ మాత్రం ఆ ఎర్ర అక్షరాల్ని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో అక్క గురించి ఒక బయటి మనిషి, చదువుకున్న మనిషి, ఎవరు, ఏ సంవత్సరం, అని అడగడం అదే మొదటిసారి. ఎవరూ అడగరు. పోయి చాలా కాలమైన మనిషిని గురించి, అయ్యో పాపం అంటారు గాని, ఏ సంవత్సరం అని అడగరు.

మొన్నీమధ్య ఒక పొద్దున పిల్ల కిటికీ పక్కన కూర్చుని చదువుతోంది, వెలుతురు కోసం అక్కడే కూర్చుంటుంది, గాలీ అక్కడే కొడుతుంది. పళ్ళు టకటకలాడుతూనే పైకి అప్పజెబుతోంది. ఎవరికివ్వాలో ఎంచే పని ధర్మకర్తకి వదిలినప్పుడు మొత్తం జాబితా అక్కర్లేదు, ఎవరినైనా ఒక్కరిని తెచ్చి ఎదురుగా నిలబెడితే, వీరు ఆ గుంపులోవారా కాదా అని చెప్పగలిగితే చాలు. ఏదీ మళ్ళీ చెప్పు, అంది అమ్మమ్మ వంటింట్లోంచి. పిల్ల మళ్ళీ చెప్పింది. ఇదేనట పోయినసారి తప్పు రాసింది. అంటే ట్రస్టు పడిపోలేదా, అని అడిగితే, నిలబడుతుందనే వాదిస్తా ఈసారి, వణకడం అంటే ఎంత వణకడం అని అవతలివాళ్ళు అడ్డు తగులుతారనుకో, అది వాళ్ళ గోల, అని పేజీ తిప్పి మళ్ళీ పళ్ళు టకటకలాడించింది. అమ్మమ్మ గరిట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. జాబితా అక్కర్లేదు. ఎదురుగా ఉన్న ఒక్కరు చాలు. మనవాళ్ళేనా, మనవాళ్ళే. వణుకుతోందా, కిటికీ అద్దంతో సహా వణుకుతోంది.

పిల్ల లైబ్రరీకి పోయిన పూట పెట్టె తెరిచింది. కొలతకి తీగ మీద ఆరేసిన పిల్ల చొక్కా. కాగితానికి నిన్నటి పేపరు, చదివిన పేజీలే వాడింది, ఈసారి ఏ వార్తా సగంలో తెగకుండా ముందే అన్నీ ఆఖరి దాకా చదివి పెట్టుకుంది. సుద్దముక్కతో గీసింది. గీశాక కత్తెర పట్టుకుని వీధి వైపు చూసింది, ఎవరైనా వస్తారా అన్నట్టు, పాలవాడు వచ్చాడు. పాలు పోయించుకుని వచ్చి కత్తిరించింది. పాత ఉన్ని కరకరమంటుందనుకుంది, అననే లేదు, మెత్తగా, ఎప్పుడెప్పుడా అని చూస్తున్నట్టు విడిపోయింది. అప్పుడు మాత్రం కాస్త ఏడ్చింది, మిషను చప్పుడులో కలిసిపోయేంత.

నీళ్ళ చప్పుడు ఆగింది. తల తుడుచుకుంటూ పిల్ల వచ్చి, సంచీ ఎత్తి చూసి, ఇంత తేలికగా ఉందేంటి అని అనుమానంగా చూస్తే, మంచివేళ బరువు తెలీదులే అని అమ్మమ్మ చెప్పులు తొడుక్కుంది. వీధిలో ఎండ ఇంకా గోడల పైనే ఉంది, కిందికి దిగలేదు. బస్సు ఆగే చోట బెంచీ మీద ఒక తాళాల రిపేరు అతను కునుకుతున్నాడు. పిల్ల కూర్చోగానే ఒక్కసారి చూసుకుంటా అని సంచీ జిప్పు లాగింది, చెయ్యి అడుగుదాకా పోనిచ్చింది, చెయ్యి అక్కడే ఆగిపోయింది. అమ్మమ్మ రోడ్డు చివరికి చూస్తోంది, బస్సు వస్తే బాగుండును, రాకపోతే బాగుండును.

"అమ్మమ్మా, నా లావు పుస్తకం ఏది?"

"నా దగ్గరుంది, ఎక్కడికీ పోలేదు."

పిల్ల కోటు బయటికి లాగింది. ఎండ పడని వీధిలో కూడా నీలం నీలంగానే ఉంది. కాలరు తిప్పి చూసింది, కుట్టు మీద వేలు పెట్టి చూసింది, తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"ఇది పెద్దమ్మమ్మ గుడ్డ."

"గుడ్డ కాదే, కోటు."

"ఆవిడకే తిరిగి చెందుతుందని కదా నేను రాసింది."

"రాసే కదే తప్పింది. తొడుక్కో. పుస్తకం, కోటు రెండూ అందులో పట్టవు, నేను చూశాను. పుస్తకం సంచీలో ఉండాలంటే కోటు ఒంటి మీదే ఉండాలి."

పిల్ల నవ్వాపుకోలేక తాళాలతన్ని లేపేసింది. అయినా వకీలు వకీలే, ఒక చెయ్యి తొడిగి ఆగింది. ధర్మకర్త అన్నాక సొంతానికి ఏమీ మిగుల్చుకోకూడదు కదా, మిగిలిన ముక్కలు ఏం చేశావు, దర్జీలంతా మిగిలిన ముక్క తమదే అనుకుంటారు, అని నిలదీసింది. లోపలి జేబు చూడు, అంది అమ్మమ్మ. పిల్ల చెయ్యి పెట్టి చూసింది. వేలెడేసి ముక్కలు, బెత్తెడు ముక్కలు, అన్నీ కలిపి అతికి, లోపల ఒక జేబు, దానిలో ఇంకో జేబు, పెన్నులకి ఒకటి, హాల్ టిక్కెట్టుకి ఒకటి. దారం పోగు కూడా ఇంట్లో మిగల్లేదు. పిల్ల రెండో చెయ్యి తొడిగింది. తొడిగి, బొత్తాలు పెట్టుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మరి ఆవిడ వస్తే?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, జవాబు కూడా అప్పజెప్పుకునే వచ్చింది అమ్మమ్మ, పాఠంలాగే, కాని దాన్ని పక్కన పెట్టింది. కాలరు వెనక మడత సరిచేసింది, భుజం మీద లేని దూది తీసింది. "వస్తే నీ ఒంటి మీద చూసుకుంటుంది," అంది. "కుట్టు చక్కబడిందే అంటుంది."

బస్సు మలుపు తిరిగింది. లావు పుస్తకం సంచీలోకి పోయింది, పిల్ల మెట్టెక్కి, వెనక్కి తిరిగి, అసలు కేసు పేరు రెండుసార్లు గడగడా అప్పజెప్పి, ఈసారి పెద్దమ్మమ్మని కోర్టుకి లాగనులే, వెళ్ళొస్తా, అంది. ఎప్పుడు అని అమ్మమ్మ అడగలేదు. జిప్పుకి సందు ఉందో లేదో మాత్రం చూసింది, ఉంది. బస్సు కదిలాక సబ్బుపెట్టె జారిందేమో, లోపల ఎవరో, ఇదిగో అమ్మాయ్, అని పిలవడం వినపడింది. కిటికీలో నీలం భుజం కొంతదూరం కనపడింది. తాళాలతను, మీ మనవరాలా, అన్నాడు. అవును, వకీలు, అంది. ఏం కోర్సో, ఎక్కడో అతను అడగలేదు, అయినా మూడూ ఖాయంగా తేలాలని చెప్పడం మొదలుపెట్టింది, ఉద్దేశం, ఆస్తి, ఎవరి కోసమో ఆ మనిషి, అతను పాపం చేతిలో తాళం పట్టుకుని విన్నాడు.

మనవరాలు ఆదివారం తిరిగి వచ్చింది, కుడి చేతి అంచున సిరా మరకతో, సబ్బు లేకుండా. ఫలితాలు వచ్చాక చూస్తే పాసయింది.

అక్క తిరిగి రాలేదు. ఏ సంవత్సరం అంటారా, ఆవిడ వెళ్ళింది చెల్లెలికి పందొమ్మిదో ఏడు నడుస్తుండగా, చలికాలం మొదట్లో, ఒక మంగళవారం పొద్దున.